ఎల్లోస్టోన్ సరస్సు ఒడ్డున క్యాంపింగ్‌కు వెళ్తున్నారా? సైట్ బుక్ అయితే సరిపోదు.. ఈ విషయాలు తెలియకపోతే కష్టమే!

వేసవి వచ్చిందంటే అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఒకటే చర్చ.. ఈసారి ఎక్కడికి వెళ్దాం? ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, పిల్లలకు సెలవులు. లిస్టులో ముందుగా వినిపించే పేర్లలో ఎల్లోస్టోన్ ఒకటి. హోటల్ గదులు దొరకవు, దొరికినా రేట్లు చూస్తే గుండె గుభేల్ మంటుంది. అందుకే చాలామంది టెంట్ వైపు చూస్తున్నారు. పైగా సరస్సు ఒడ్డున టెంట్, తెల్లారి లేస్తే ఎదురుగా నీళ్లు, వెనకాల మంచు కొండలు.. ఊహించుకుంటేనే బాగుంటుంది.

అయితే ఇక్కడే ఓ మెలిక ఉంది. ఎల్లోస్టోన్ సరస్సు పక్కన క్యాంపింగ్ అంటే మామూలు పిక్నిక్ కాదు. ఏ క్యాంప్‌గ్రౌండ్ ఎంచుకోవాలి, ఏ నెలలో వెళ్లాలి, వంట ఎలా చేయాలి, నీళ్లలోకి దిగొచ్చా.. ఈ ప్రశ్నలన్నింటికీ సమాధానం రెండే రెండు విషయాల చుట్టూ తిరుగుతుంది. ఒకటి చలి. రెండోది ఎలుగుబంటి. ఈ రెండూ అర్థమైతే మిగతా ప్లాన్ అంతా దానంతట అదే కుదురుతుంది.

అసలు ఈ సరస్సు ఎలాంటిది?

1872లో ఏర్పాటైన ఎల్లోస్టోన్.. ప్రపంచంలోనే మొదటి నేషనల్ పార్క్‌గా పేరు పొందింది. ఎక్కువ భాగం వయోమింగ్ రాష్ట్రంలో ఉంటుంది. ఆ పార్క్ మధ్యలో ఉన్నదే ఎల్లోస్టోన్ లేక్. విస్తీర్ణం దాదాపు 132 చదరపు మైళ్లు, అంటే 340 చదరపు కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ లాంటివి యాభైకి పైగా ఇందులో పట్టేస్తాయి. గరిష్ఠ లోతు దాదాపు 400 అడుగులు.

అన్నింటికంటే ముఖ్యమైన అంకె మాత్రం ఎత్తు. ఈ సరస్సు సముద్ర మట్టానికి 7,733 అడుగుల ఎత్తులో ఉంది. తిరుమల కొండ ఎత్తుకు ఇది రెండు రెట్ల కంటే ఎక్కువ. చలి ఎందుకు, అన్నం సరిగా ఎందుకు ఉడకదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం ఎందుకు.. అన్నింటికీ కారణం ఈ ఎత్తే.

ఏ క్యాంప్‌గ్రౌండ్ ఎవరికి?

సరస్సు చుట్టుపక్కల ప్రధానంగా మూడు పెద్ద క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి. పేర్లు దగ్గరదగ్గరగా వినిపించినా మూడూ ఒకటి కాదు.

బ్రిడ్జ్ బే: 400కు పైగా సైట్లు. పక్కనే పడవల రేవు. టెంట్లు వేసుకోవచ్చు. కాన్యన్ జలపాతాలు, అడవిదున్నలు గుంపులుగా తిరిగే హేడెన్ వ్యాలీ చూడాలనుకునేవారికి ఇది అనుకూలం. ఫ్లష్ టాయిలెట్లు ఉంటాయి కానీ స్నానాల గదులు ఉండవు. స్నానం కావాలంటే కారేసుకుని ఫిషింగ్ బ్రిడ్జ్ దాకా వెళ్లాల్సిందే. పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

గ్రాంట్ విలేజ్: ఇక్కడా 400కు పైగా సైట్లు. స్నానాల గదులు, లాండ్రీ, పెట్రోల్ బంక్, కిరాణా కొట్టు దగ్గర్లోనే ఉంటాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ సుమారు 19 మైళ్లు. దక్షిణాన గ్రాండ్ టీటన్ పార్క్‌కు కూడా ఇటు నుంచే దారి. మొదటిసారి వెళ్లే కుటుంబాలకు సౌకర్యం ఎక్కువ.

ఫిషింగ్ బ్రిడ్జ్: ఇక్కడ టెంట్లకు నో ఎంట్రీ! గట్టి గోడలున్న ఆర్‌వీలకు మాత్రమే అనుమతి. గుడ్డ గోడలతో తెరుచుకునే పాప్-అప్ క్యాంపర్లను కూడా రానివ్వరు. పార్క్‌లో కరెంట్, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు మూడూ ఇచ్చే చోటు ఇదొక్కటే.

టెంట్లు ఎందుకు వద్దంటారు? సరస్సు నుంచి ఎల్లోస్టోన్ నది బయటికి వెళ్లే చోటు ఇది. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తరచూ తిరిగే ప్రాంతం. ఎలుగుబంటికి టెంట్ గుడ్డ ఓ లెక్కలోకి రాదు. గ్రాంట్ విలేజ్ మిగతా వాటికంటే ఆలస్యంగా, జూన్‌లో తెరుచుకోవడం వెనుకా ఇదే కథ. వసంతం చివర్లో కట్‌త్రోట్ ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడి చిన్న వాగుల్లోకి ఎదురీదుతాయి. వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి. అంటే ఆ సీజన్‌లో ఆ చోటు వాటిది. మనుషుల వంతు తర్వాతే.

రద్దీ వద్దు, సౌకర్యాలు తక్కువైనా ఫర్వాలేదు అనుకునేవారికి దక్షిణం వైపు చిన్నదైన లూయిస్ లేక్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. అది వేరే సరస్సు. అక్కడ ఫ్లష్ టాయిలెట్లు కూడా ఉండవు.

బుకింగ్.. రెండు వేర్వేరు దారులు

చాలామంది తికమక పడేది ఇక్కడే. పార్క్‌లోని క్యాంప్‌గ్రౌండ్లన్నీ ఒకే వెబ్‌సైట్‌లో దొరకవు.

బ్రిడ్జ్ బే, గ్రాంట్ విలేజ్, ఫిషింగ్ బ్రిడ్జ్‌లను ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ లాడ్జెస్ అనే కాంట్రాక్ట్ సంస్థ నడుపుతోంది. వీటి బుకింగ్ ఏడాది కంటే ముందే మొదలవుతుంది. లూయిస్ లేక్ లాంటి చిన్నవి నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంటాయి. వాటిని రిక్రియేషన్ డాట్ గవ్‌లో బుక్ చేసుకోవాలి. అక్కడ ఎక్కువ సైట్లు ఆరు నెలల ముందు, మిగిలిన కొన్ని రెండు వారాల ముందు విడుదల చేస్తారు.

జులై, ఆగస్టు వారాంతాలు చాలా ముందే అయిపోతాయి. దొరకలేదని వదిలేయక్కర్లేదు. ప్లాన్లు మార్చుకున్నవాళ్లు క్యాన్సిల్ చేసిన సైట్లు మళ్లీ కనిపిస్తుంటాయి. రోజుకు రెండుసార్లు చెక్ చేస్తూ, మంగళ, బుధవారాల తేదీలు పెట్టి చూస్తే అవకాశాలు పెరుగుతాయి.

ఒక్కో సైట్‌లో ఆరుగురికే అనుమతి. రెండు కుటుంబాలు కలిసి ఎనిమిది మంది వెళ్తుంటే రెండు సైట్లు తీసుకోవాల్సిందే. ‘దొరక్కపోతే కార్లోనే రోడ్డు పక్కన పడుకుందాంలే’ అనుకుంటే కుదరదు. పార్కింగ్ స్థలాల్లో, పిక్నిక్ ఏరియాల్లో రాత్రి బస నిషేధం. అర్ధరాత్రి రేంజర్ వచ్చి లేపితే పార్క్ బయటికి గంటకు పైగా చీకట్లో డ్రైవ్ చేయాల్సి రావచ్చు.

ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులతో వెళ్తుంటే..

క్యాంప్‌సైట్ అద్దె వేరు, పార్క్ ఎంట్రీ ఫీజు వేరు. సైట్ బుక్ చేశాం కదా అని గేటు దగ్గర ఊరికే వదలరు. సాధారణంగా కారుకు 35 డాలర్లు.. ఏడు రోజులు చెల్లుతుంది.

2026 జనవరి 1 నుంచి కొత్త నిబంధన వచ్చింది. అమెరికాలో నివాసం లేని సందర్శకులకు ఎల్లోస్టోన్ సహా 11 ప్రముఖ పార్కుల్లో, 16 ఏళ్లు నిండిన ఒక్కొక్కరికి 100 డాలర్ల చొప్పున అదనపు ఫీజు పెట్టారు. వారి కోసం 250 డాలర్ల వార్షిక పాస్ కూడా ఉంది. అమెరికా నివాసితులకైతే వార్షిక పాస్ 80 డాలర్లే. అందుకు అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు చూపించాలి. విజిటర్ వీసాపై వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవారు ఈ ఖర్చును ముందే లెక్కేసుకోవాలి. కారులో ఎవరికి ఏ పాస్ వర్తిస్తుందో బయల్దేరే ముందు పార్క్ వెబ్‌సైట్‌లో చూసుకుంటే గేటు దగ్గర గొడవ ఉండదు.

జులైలోనూ వణికించే చలి

హైదరాబాద్, విజయవాడ ఎండలు చూసినవాళ్లకు, చివరికి డల్లాస్ ఎండలు చూసినవాళ్లకు కూడా ఇది నమ్మబుద్ధి కాదు. జులైలో సరస్సు దగ్గర పగటి ఉష్ణోగ్రత 70 ఫారెన్‌హీట్ చుట్టుపక్కల, అంటే 21 సెల్సియస్ దాకా ఉంటుంది. హాయిగా ఉంటుంది. రాత్రి అయ్యేసరికి 40కి, అంటే నాలుగైదు సెల్సియస్‌కు దిగిపోతుంది. ఏ నెలలోనైనా సున్నా సెల్సియస్‌కు పడిపోయే అవకాశం ఉంది. సరస్సుపై మంచు గడ్డలు కరిగేదే మే చివర్లో, కొన్నిసార్లు జూన్ మొదట్లో.

అందుకే నెల ఎంపిక కీలకం. చిన్నపిల్లలు, పెద్దవాళ్లతో వెళ్తే జులై రెండో వారం నుంచి ఆగస్టు చివరి దాకా మేలు. జూన్‌లో చలితో పాటు దోమలు కూడా ఎక్కువే. సెప్టెంబర్‌లో రద్దీ తగ్గుతుంది కానీ రాత్రులు గడ్డకట్టిస్తాయి.

ఇక పడక సంగతి. చాలామంది మందపాటి దుప్పట్లు తెచ్చుకుని పైన కప్పుకుంటారు. అయినా తెల్లవార్లూ వణుకుతూనే ఉంటారు. ఎందుకంటే చలి పై నుంచి మాత్రమే రాదు, కింద నేల ఒంటి వేడిని లాగేస్తుంది. శరీరం బరువుకు కింది దుప్పటి అణిగిపోతే అందులో గాలి ఉండదు, వేడిని ఆపే శక్తీ ఉండదు. కాబట్టి స్లీపింగ్ బ్యాగ్‌తో పాటు కింద వేసుకునే ఇన్సులేటెడ్ ప్యాడ్ తప్పనిసరి. మామూలు గాలి పరుపు సరిపోదు, లోపలి గాలి చల్లబడిపోతుంది. స్లీపింగ్ బ్యాగ్ కనీసం 20 ఫారెన్‌హీట్ రేటింగ్ ఉన్నది చూసుకోండి. పగలు చెమట పట్టిన కాటన్ బట్టలతో పడుకోవద్దు. పొడి సాక్సులు, ఉన్ని టోపీ ఉంటే సగం చలి పోయినట్టే.

పోపు వాసన.. ఎలుగుబంటికి పిలుపు!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. క్యాంపింగ్ అంటే మనవాళ్లకు వంట లేకుండా కుదరదు. పులిహోర, ఆవకాయ, చికెన్ ఫ్రై.. ఏదో ఒకటి ఉండాల్సిందే. తప్పేం లేదు. కానీ ఎల్లోస్టోన్‌లో తిండి ఎక్కడ పెట్టాలి అన్నది ఇష్టాయిష్టాల విషయం కాదు, చట్టం.

దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు ఈ పార్క్‌లో హోటళ్ల చెత్తను కుప్పలుగా పోసేవారు. ఎలుగుబంట్లు వచ్చి తింటుంటే జనం గ్యాలరీల్లో కూర్చుని మరీ చూసేవారు. రోడ్ల మీద కార్లు ఆపి బిస్కెట్లు పెట్టేవారు. ఫలితం? 1931 నుంచి 1969 వరకు ఏటా సగటున 48 మంది ఎలుగుబంట్ల వల్ల గాయపడ్డారు. ఏటా 100కు పైగా ఆస్తి నష్టం ఘటనలు జరిగాయి. 1970 నాటికి ఆ చెత్త కుప్పలను మూసేసి, ఎక్కడికక్కడ ఎలుగుబంటి తెరవలేని డబ్బాలు పెట్టి, తిండి పెట్టడంపై కఠినంగా వ్యవహరించడం మొదలుపెట్టారు. ఇప్పుడు అలాంటి గాయాలు సగటున ఏడాదికి ఒకటి స్థాయికి తగ్గిపోయాయి.

అంటే ఎలుగుబంట్లు మారలేదు. మనుషులు తిండి దాచుకోవడం నేర్చుకున్నారు, అంతే!

నిబంధన సింపుల్. వండుతున్నప్పుడు, తింటున్నప్పుడు తప్ప మిగతా వేళల్లో వాసన ఉన్న ఏ వస్తువూ బయట ఉండకూడదు. అద్దాలు మూసి తాళం వేసిన కారులో గానీ, సైట్‌లో ఉండే ఎలుగుబంట్లు తెరవలేని ఇనుప పెట్టెలో గానీ పెట్టేయాలి. వాసన ఉన్న వస్తువు అంటే తిండి ఒక్కటే అనుకోవద్దు. ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి:

- ఐస్ బాక్స్, అది ఖాళీగా ఉన్నా సరే
- స్టవ్, కడిగిన గిన్నెలు, నూనె సీసా
- పచ్చడి డబ్బాలు, మసాలా పెట్టె
- టూత్‌పేస్ట్, సబ్బు, కొబ్బరినూనె, సన్‌స్క్రీన్
- చెత్త సంచి, కుక్కకు పెట్టే తిండి, దాని గిన్నె

టెంట్‌లోకి చాక్లెట్ కూడా తీసుకెళ్లకూడదు. పిల్లల జేబులు, స్కూల్ బ్యాగులు రాత్రి పడుకునే ముందు ఒకసారి చూడాల్సిందే. అందులో మిగిలిపోయిన చిప్స్ ప్యాకెట్ చాలు. వంట చేసిన బట్టలు మార్చుకుని పడుకోవడం మంచిది. గిన్నెలు కడిగిన నీళ్లు నేల మీద పారబోయకుండా, అందుకోసం పెట్టిన సింక్‌లోనే పోయాలి.

ఎత్తు ఎక్కువ కాబట్టి ఇక్కడ నీళ్లు సుమారు 92 సెల్సియస్‌కే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు పెడితే ఎంతకీ ఉడకదు, స్టవ్ గ్యాస్ అయిపోతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ ఉంటే ఈ సమస్య ఉండదు. అంతకంటే తేలిక దారి.. పొడులు, చపాతీలు, ఉప్మా మిక్స్ లాంటివి ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవడం. క్యాంప్‌లో పోపులు, వేపుళ్లు తగ్గితే పని తగ్గుతుంది, వాసనా తగ్గుతుంది.

ట్రెయిల్ మీద నడకకు వెళ్తే బేర్ స్ప్రే చేతికి అందేలా ఉంచుకోవాలి. దీన్ని దోమల మందులా ఒంటికి, టెంట్‌కు కొట్టకూడదు. ఎలుగుబంటి మీదికి వచ్చినప్పుడు దాని వైపు కొట్టేది ఇది. విమానంలో బేర్ స్ప్రేను, స్టవ్ గ్యాస్ సిలిండర్లను ఏ బ్యాగులోనూ అనుమతించరు. అక్కడికి వెళ్లాకే కొనుక్కోవాలి.

నీళ్లు చూడ్డానికే.. దిగడానికి కాదు

అమెరికా సరస్సుల్లో, జలపాతాల్లో తెలుగు విద్యార్థులు మునిగి చనిపోయిన వార్తలు గత కొన్నేళ్లలో పలుమార్లు వచ్చాయి. అందుకే ఈ పాయింట్ గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఎల్లోస్టోన్ సరస్సు నీటి సగటు ఉష్ణోగ్రత 41 ఫారెన్‌హీట్, అంటే 5 సెల్సియస్. దాదాపుగా ఫ్రిజ్‌లో నీళ్లంత చల్లన. అంత చల్లటి నీటిలో పడితే మనిషి బతికుండే సమయం 20 నుంచి 30 నిమిషాలేనని పార్క్ అధికారులు హెచ్చరిస్తున్నారు.

అయితే ప్రమాదం అంతకంటే ముందే మొదలవుతుంది. చల్లటి నీళ్లలో పడగానే శరీరం ఒక్కసారిగా గాలి పీలుస్తుంది. ఆ క్షణంలో ముఖం నీళ్లలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీళ్లే వెళ్తాయి. పది నిమిషాలు గడిచేసరికి చేతులు, కాళ్లు మొద్దుబారతాయి. గోదావరిలో ఈత నేర్చినవాళ్లకైనా ఇదే పరిస్థితి. ఇక్కడ సమస్య ఈత రాకపోవడం కాదు, కండరాలు మాట వినకపోవడం.

పడవ ఎక్కాలంటే లైఫ్ జాకెట్ వేసుకుని, ఉదయం పూటే వెళ్లాలి. మధ్యాహ్నం అయ్యేసరికి గాలులు లేచి పెద్ద అలలు వస్తాయి. సొంత కయాక్ తీసుకెళ్లినా పర్మిట్, తనిఖీ తప్పనిసరి. బయటి నీళ్ల నుంచి పరాయి జీవులు అంటుకుని వస్తాయన్న భయంతోనే ఈ తనిఖీ. ఆ భయం ఊరికే రాలేదు. 1994లో ఈ సరస్సులో లేక్ ట్రౌట్ అనే పరాయి చేప బయటపడింది. అది స్థానిక కట్‌త్రోట్ చేపలను తినేసింది. ఎలుగుబంట్ల ఆహారానికే గండి పడింది. చేపలు పట్టాలన్నా పార్క్ పర్మిట్ ఉండాలి, రాష్ట్రాల లైసెన్సులు ఇక్కడ చెల్లవు.

సెల్ఫీ కోసం దగ్గరికి వెళ్తే అంతే సంగతులు

క్యాంప్‌గ్రౌండ్ మధ్యలోంచే అడవిదున్న నడిచి వెళ్లిపోవడం ఇక్కడ మామూలే. గడ్డి మేస్తూ గేదెలా సాధువుగా కనిపిస్తుంది. కానీ ఎల్లోస్టోన్‌లో మనుషులను ఎక్కువగా గాయపరిచే జంతువు ఎలుగుబంటి కాదు, ఈ అడవిదున్నే. మనిషి కంటే మూడు రెట్ల వేగంతో పరిగెత్తగలదు. ఎలుగుబంట్లు, తోడేళ్లకు కనీసం 100 గజాలు, అడవిదున్న, ఎల్క్ లాంటి మిగతా వాటికి 25 గజాల దూరం పాటించాలన్నది నిబంధన.

గ్రాంట్ విలేజ్‌కు దగ్గర్లో వెస్ట్ థంబ్ వేడినీటి గుండాలు ఉన్నాయి. అక్కడ చెక్క బాట దాటి అడుగు బయట పెట్టకూడదు. నేల గట్టిగా కనిపిస్తుంది కానీ పైపొర పలచన, కింద మరిగే నీళ్లు. చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.

బయల్దేరే ముందు చివరి చెక్

- క్యాంప్‌గ్రౌండ్ తెరిచే, మూసే తేదీలు ఏటా మారుతుంటాయి. రోడ్ల పరిస్థితితో పాటు చూసుకోండి.
- సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. బుకింగ్ కాగితాలు, మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి.
- పార్క్‌లో వేగ పరిమితి గంటకు 45 మైళ్లు. దున్నలు రోడ్డెక్కితే గంటలు ఆగాల్సి వస్తుంది. చీకటి పడకముందే సైట్ చేరుకునేలా ప్లాన్ చేసుకోండి.
- గుండె, ఊపిరితిత్తుల సమస్యలు ఉన్న పెద్దవాళ్లు ఈ ఎత్తు గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడటం మంచిది. మందులు రెండు రోజులకు సరిపడా అదనంగా ఉంచుకోండి.
- మొదటి రోజు పెద్ద నడకలు పెట్టుకోవద్దు. నీళ్లు ఎక్కువగా తాగండి.
- ఇంటి దగ్గర పెరట్లోనో, దగ్గరి పార్క్‌లోనో ఒక రాత్రి టెంట్‌లో పడుకుని చూడండి. ఏం మర్చిపోయారో అక్కడే తెలిసిపోతుంది.

చివరిగా ఓ మాట. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటి మళ్లీ మళ్లీ క్యాంపుల వైపే వస్తుంది. భయం పోయి మనుషులపైకి తిరగబడుతుంది. అలాంటి వాటిని కొన్నిసార్లు అధికారులు చంపేయాల్సి వస్తోంది. 1975లో ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేరిన గ్రిజ్లీలు, ఎల్లోస్టోన్ పరిసరాల్లో మళ్లీ పుంజుకోవడానికి దశాబ్దాలు పట్టింది. టేబుల్ మీద మర్చిపోయిన ఒక్క టిఫిన్ బాక్స్ ఓ ఎలుగుబంటి ప్రాణం తీయొచ్చు. కాబట్టి రాత్రి టెంట్ జిప్ వేసే ముందు ఒక్క నిమిషం టార్చ్ పట్టుకుని సైట్ చుట్టూ చూసి రండి.. ఆ ఒక్క నిమిషం మీ పిల్లలకూ భద్రతే, అడవిలో దాని పిల్లలకూ భద్రతే.